ఎడమకాలికి పనిలేని కారు

ఈ మాసమున మేము వంటింటి సంగతి గాని, కుట్టుపని సంగతి గాని వ్రాయబోవుట లేదు. నెల్లికుదురు దారిలోని యొక పల్లెనుండి ఉపాధ్యాయినియగు సోదరి యొకతె మాకు జాబు వ్రాసినది. ప్రతిదినమును రెండు బస్సులు మారి బడికి పోవుచున్నదట. కారు కొనుటకు ఇంటిలో నిశ్చయమైనదట. "గేర్లు మార్చనక్కరలేని ఆటోమేటిక్ కారు కావలెనన్నచో, అది సోమరుల సోకు అని మావారు నవ్వుచున్నారు. మీ యభిప్రాయమేమి?" అని యడిగినది. జాబు చదువుచుండగా మాకును నవ్వు వచ్చినది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయినది. ఏలయన, సరిగా ఈ మాటయే మా యింటిలో నాలుగు నెలలు నలిగినది. కావున ఆ సోదరికి విడిగా జాబు వ్రాయక, అందరకును పనికివచ్చునని ఇక్కడనే వ్రాయుచున్నాము.

మా కాపురము తొర్రూరు. 2016 అక్టోబరు వరకు ఇది వరంగల్లు జిల్లాలోనిది. ఆ పిమ్మట మహబూబాబాదు జిల్లాలో చేరినది. జిల్లా మారినను మా చూపు మారలేదు. ఆసుపత్రికైనను, పెండ్లిబట్టలకైనను, పిల్లల చదువుకైనను నేటికిని వరంగల్లు, హనుమకొండలే మాకు దిక్కు. ఖమ్మమునుండి వరంగల్లునకు పోవు 563వ జాతీయ రహదారి మా యూరిమీదుగానే పోవును. రాయపర్తి, వర్ధన్నపేట దాటి వరంగల్లు చేరుటకు ఏబది కిలోమీటర్లకు పైచిలుకు. పగలు ఆ దూర మొక దూరము కాదు. రాత్రి రెండు గంటలకు దాని కొలత వేరు.

గడచిన మాఘమాసమున నొక రాత్రి మా అత్తమ్మకు ఊపిరి యాడలేదు. గుండెలో బరువని ఆమె చేయి పట్టుకొని చూపినది. మా యింటివారు విత్తనముల వ్యాపారము పనిమీద హైదరాబాదులో నుండిరి. వాకిట మా పాతకారు నిలిచియున్నది. తాళములు గూటిలో నున్నవి. కారు నడుపుటకు అనుమతిపత్రము మాపేర నున్నది. అయినను మేము దానిని నడుపలేకపోతిమి. మూడేండ్ల క్రిందట బస్సు మెట్టు జారి పడినప్పుడు మా యెడమ మోకాలి నరము తెగినది. నడక కుదిరినది గాని, ఆ కాలితో క్లచ్చిని మాటిమాటికి నొక్కినచో నిమిషము గడువకముందే మోకాలు వణకును. నాలుగిండ్ల అవతలి కుఱ్ఱవానిని లేపి, వాడు చొక్కా తొడుగుకొని, వచ్చి, కారు కదలుసరికి నలుబది నిమిషములు గడచినవి. అత్తమ్మ బ్రదికినది. వైద్యుడు మాత్రము, "సమయమునకే తెచ్చితిరి, ఇంక కొంచెము ఆలస్యమైనచో చెప్పలేను" అని పొడిగా ననెను. ఆ నలుబది నిమిషములను మేము నేటికిని లెక్కపెట్టుచునే యున్నాము.

ఇక సోకో, కాదో సోదరీమణులే నిర్ణయింతురు గాక.

అసలు ఆటోమేటిక్ అనునది క్రొత్త వింత కాదు. అమెరికాలో జనరల్ మోటార్సువారు హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను 1939లోనే పెద్ద యెత్తున తయారుచేసి, ఓల్డ్స్‌మొబీల్ కార్లలో నమర్చిరి. మన దేశమున నది చిరకాలము ధనవంతుల కార్లలోనే యుండిపోయినది. 2014 ఫిబ్రవరిలో మారుతివారి సెలెరియో వచ్చినప్పుడే సామాన్య గృహస్థునకు అందు ధరలో ఆటోమేటిక్ దొరికినది. అది చౌకయగుటకు కారణమును తెలిసికొన్నచో సగము విద్య వచ్చినట్లే.

ఆ కారులోపల నున్నది మామూలు గేరుపెట్టెయే, మామూలు క్లచ్చియే. మన యెడమకాలు చేయుపనిని, ఎడమచేయి చేయుపనిని ఒక చిన్న యంత్రపు చేయి చేయును. ఎప్పుడు చేయవలెనో ఒక కంప్యూటరు చెప్పును. అంతే. దీనిని ఏ.ఎం.టీ. యందురు. క్రొత్త పెట్టె తయారుచేయ నక్కరలేదు గనుక, అదే మాదిరి మామూలు కారుకంటె సుమారు 45 వేలనుండి 60 వేల రూపాయల వరకు మాత్రమే హెచ్చు. పెట్రోలు కూడ మామూలు కారు త్రాగినంతయే త్రాగును. లోపమేమనగా, గేరు మారునప్పుడు ఒక్క క్షణము కారు ఊపిరి బిగబట్టినట్లగును. తల ముందుకు తూగును. నిదానముగా నొక్కువారికి ఈ తూగు తెలియదు, తొందరగా నొక్కువారికి ప్రతిమారును తెలియును.

రెండవది టార్క్ కన్వర్టర్. రెండు విసనకర్రలను ఎదురెదురుగా నిలిపి యొకదానిని త్రిప్పినచో, ఆ గాలికి రెండవదియు తిరుగును గదా. అక్కడ గాలికి బదులు నూనె. మిక్కిలి మెత్తగా సాగును, ఏండ్ల తరబడి నిలుచును, కాని పెట్రోలు కొంచె మెక్కువ త్రాగును, ధరయు హెచ్చు. మూడవది సీ.వీ.టీ. మన కుట్టుమిషను పట్టీని తలచుకొనుడు. రెండు చక్రములు, నడుమ నొక ఉక్కుపట్టీ. ఆ చక్రముల వెడల్పు మారుచుండును గనుక గేర్ల మెట్లే యుండవు. పట్టణపు రద్దీలో దీనికి సాటి లేదు. అయితే మామూలు కారుకంటె లక్షకు పైగానే హెచ్చు పడును. నూనె మార్చుటలో అశ్రద్ధ చేసినచో తరువాత పెద్ద ఖర్చు పెట్టించును. నాలుగవది రెండు క్లచ్చిలది. ఒక గేరు నడచుచుండగానే తరువాతి గేరును సిద్ధపరచుకొనును. వేగము కోరువారికి ముచ్చటయైనది. కాని పొడి క్లచ్చిలు గల రకము నత్తనడక రద్దీలో వేడెక్కును. మన బోటివారి చేతిసంచికి అది తగదని మేము దానిని చూడనే లేదు.

ఒక హెచ్చరిక. 2020లో హ్యుండాయివారి వెన్యూ కారులో ఐ.ఎం.టీ. యను నొక పద్ధతి వచ్చినది. అందు క్లచ్చి పెడలు లేదు గాని, గేరును చేతితో మార్చవలసినదే. మా బంధువు లొకరు అదియు ఆటోమేటికే యని తలచి బయానా ఇచ్చుటకు సిద్ధపడిరి. పేరులోని యక్షరములను జూచి మురిసిపోక, "చేతితో గేరు మార్చవలెనా, అక్కరలేదా?" యని సూటిగా నడుగుడు.

ఇక మా లెక్కలు. మేము పనిచేయు బడి పాలకుర్తి ప్రాంతమున 22 కిలోమీటర్ల దూరములో నున్నది. రాకపోకలు 44. ఏడాదికి బడిదినములు 220 అనుకొన్నచో 9,680 కిలోమీటర్లు. వరంగల్లునకు, వలిగొండ మీదుగా హైదరాబాదునకు, పెండ్లిండ్లకు, జాతరలకు మరి మూడువేలు కలిపితిమి. వెరసి సుమారు 12,700. కంపెనీవారి కాగితములో లీటరునకు 19, 20, 25 అని యుండును. ఆ సంఖ్యలు పరీక్షశాలలోనివి. అందు మన రోడ్డులోని గేదెలు లేవు, ఏసీ లేదు, వెనుక కూర్చున్న నలుగురు చుట్టములు లేరు. మేము లీటరునకు 15 కిలోమీటర్లే యని కట్టుకొంటిమి. లీటరు 107 రూపాయల చొప్పున ఏటికి దాదాపు 90,600 రూపాయలు, అనగా నెలకు 7,550.

చేతిలో మూడున్నర లక్షలున్నవి. తక్కిన అయిదు లక్షలకు అప్పు. నూటికి తొమ్మిది వడ్డీచొప్పున అయిదేండ్లకైనచో నెలకు సుమారు 10,380, ఏడేండ్లకైనచో 8,045. రెండవది తేలికగా గన్పట్టును. కాని మొత్తము కూడి చూడుడు: అయిదేండ్లలో కట్టునది 6,22,800, ఏడేండ్లలో కట్టునది 6,75,800. నెలకు రెండువేలు తగ్గిన సంతోషమునకు వెల ఏబదిమూడు వేలు. అమ్మకపువాడు మనకు నెలవాయిదానే పదేపదే చెప్పును. మొత్తమును చెప్పమని మనమే యడుగవలెను.

అయిదేండ్ల లెక్కయే పట్టుకొన్నచో, పెట్రోలుతో కూడ నెలకు పదునెనిమిది వేలు. ఇక్కడ మా యింటివారు మంచి ప్రశ్న వేసిరి. "2023 డిసెంబరు 9నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. మన యూరిలోనే డిపో యున్నది. ఊరక పోవు బస్సును విడిచి నెలకు పదునెనిమిది వేలు రోడ్డుపై పోయవలెనా?" అనిరి. దీనికి మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. రెండు రాత్రు లాలోచించి చెప్పితిమి: బడికి కారు కొనుట దండుగయే, అత్తమ్మకొరకు కారు కొనుట దండుగ కాదు, కొన్న తరువాత అది వాకిట నిలిచియుండుట మరింత దండుగ. కావున మా బడిలోని మరి యిద్దరు ఉపాధ్యాయినులతో మాటాడి, వారానికి మూడు దినములు ముగ్గురము కారులో పోవుటకును, పెట్రోలు ముగ్గురము పంచుకొనుటకును, తక్కిన దినములు బస్సే యెక్కుటకును ఏర్పాటు చేసికొంటిమి. నెలకు పెట్రోలు ఖర్చు సగమునకు తక్కువే పడునని మా యంచనా. సొంతకారున్నంత మాత్రమున బస్సుపై కోప మెందుకు?

సెకండ్‌హ్యాండు కారుతో సరిపుచ్చుద మని మొదట మాకు గట్టిగానే తోచినది. ఒకచోట మూడు లక్షల డెబ్బదివేలకు ఆటోమేటిక్ కారొకటి చూపిరి. "డాక్టరుగారి కారు, ముప్పదిరెండు వేలే తిరిగినది" అని చెప్పిరి. రంగు తళతళ మెరయుచున్నది. మా యింటివారికి నచ్చినది. మాతో వచ్చిన తొర్రూరు మెకానిక్కు రంగును చూడనే లేదు. తలుపు తీసి వంగి పెడళ్లను చూచినాడు. "అక్కా, బ్రేకు రబ్బరు గింత అరిగింది. ముప్పైరెండు వేలకు గిట్ల అరగదు" అన్నాడు. పిదప కారును కొంత దూరము నడిపి, ఒకటవ గేరునుండి రెండవ గేరునకు మారునప్పుడు వచ్చు కుదుపును మాకు చూపించినాడు. క్లచ్చి అయిపోవచ్చినదనియు, గేరు మార్చు యంత్రపు చేయి చెడిపోయినచో దాని ఖర్చు వేరనియు చెప్పినాడు. సర్వీసు చేయించిన పుస్తకము చూపుమనగా, పోయినదని సమాధానము వచ్చినది. మేము నమస్కారము పెట్టి వచ్చివేసితిమి. ఆ మెకానిక్కునకు మే మిచ్చిన అయిదువందలు, మా జీవితమున పెట్టిన ఖర్చులలో మిక్కిలి లాభసాటి దని మా నమ్మకము. పాత ఆటోమేటిక్ కొనుట తప్పు కాదు. సర్వీసు పుస్తకము లేనిది కొనుట తప్పు, ఆర్.సీ.లో అప్పు మిగిలియున్నదేమో చూడక కొనుట అంతకంటె తప్పు.

కరెంటు కారు మాట కూడ మా యింటిలో వచ్చినది. అమ్మాయి పట్టుబట్టినది. విద్యుత్తు కార్లలో గేర్ల బాధయే లేదు. అన్నియు పుట్టుకతోనే ఆటోమేటిక్కులు. టాటావారి టియాగో ఈ.వీ. 2022లో వచ్చినది, ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గుతోనే రాత్రి ఛార్జి చేసికొనవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు ముగియువరకు విద్యుత్తు వాహనములకు రోడ్డుపన్ను, రిజిస్ట్రేషను రుసుము మినహాయించినది. రోజునకు 44 కిలోమీటర్లు పోవువారికి నిజముగా నిదియే చౌక. ఇంటిలో రెండవ కారుగా నుండుటకును ముచ్చటయైనదే. మాకు మాత్రము ఉన్నది ఒక్కటే కారు; అది రాత్రి రెండు గంటలకు, ఛార్జి ఎంతయున్నను, వరంగల్లు పోయి రావలెను; వర్షాకాలమున మా వీధిలో కరెంటు ఎప్పుడు పోవునో ఎవరు చెప్పగలరు? అమ్మాయి మమ్ము పాతకాలపువారమని పిలిచినది. కావచ్చును.

పెట్రోలు కారే యని తేలిన తరువాత ధరల సంగతి. 2025 సెప్టెంబరు 22నుండి, 1200 సీసీకిని నాలుగు మీటర్ల పొడవునకును మించని పెట్రోలు కార్లపై జీ.ఎస్.టీ. 18 శాతమైనది, అంతకుముందు 28 శాతము, దానిపై సెస్సు. మన బోటివారు చూచు కార్లన్నియు నించుమించుగా ఈ కొలతలోనివే. షోరూము ధరకు జీవితపన్ను, భీమా, రిజిస్ట్రేషను కలిసిన పిమ్మట వచ్చునదే నిజమైన ధర. క్రొత్త కారునకు పరాయివారి నష్టమునకు సంబంధించిన భీమాను 2018 సెప్టెంబరు నుండి మూడేండ్లకు ఒక్కసారే కట్టవలెనను నియమము గలదు. ఇవి గాక సీటుతొడుగులు, అడుగు చాపలు, రంగుకు పూత, ఇంకను ఏవేవో కలిపి పొడుగాటి పట్టీ నొకటి మన చేతిలో పెట్టుదురు. మాకిచ్చిన పట్టీలో అట్టివి ముప్పదియొక్క వేలకు తేలినవి. ఒక్కొక్కదాని యెదుట వ్రేలు పెట్టి "ఇది లేనిచో కారు నడువదా?" అని యడిగితిమి. పందొమ్మిది వేలు తగ్గినవి.

కారు చూచుటకు పోవునప్పుడు ఇంటిలోని పెద్దవారిని వెంట తీసికొని పోవలెను. మేము అత్తమ్మను తీసికొని పోతిమి. అమ్మకపు కుఱ్ఱవాడు తెరలను, పాటలను చూపుచుండగా ఆమె తలుపు తీసి, చీర కుచ్చిళ్లు పట్టుకొని, ఎక్కి దిగి, మరల నెక్కి దిగి చూచినది. సెడాను కారులో కూర్చుండి, "బావిలకు దిగినట్టున్నది బిడ్డా" అన్నది. దానితో తొలిసగము కార్లు రద్దయినవి. మోకాళ్ల నొప్పిగలవారికి సీటు మరీ క్రిందుగా నుండరాదు, మరీ మీదుగా నుండరాదు. వెనుకకు వంగి కూర్చుండగానే పిరుదులు సీటుకు తగులవలెను.

ఆ కొలతలో మాకు రెండు మిగిలినవి. వ్యాగనార్ యొకటి, టాటా పంచ్ ఒకటి. అత్తమ్మ వోటు వ్యాగనారుకే. పెట్టెవలె పొడుగుగా నున్నది, తల తగులదు; సర్వీసు చేయువారు ఎక్కడ చూచినను నుందురు; పెట్రోలు పొదుపు. మేమును దాదాపుగా ఒప్పుకొంటిమి. కాని అడ్డుపడినది గుద్దుడు పరీక్ష. గ్లోబల్ ఎన్‌క్యాప్‌వారు 2023లో పరీక్షించిన వ్యాగనారుకు పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమే వచ్చినది. 2021లో పంచ్‌కు అయిదు వచ్చినవి. వ్యాగనారుకు 2025లో ఆరు గాలిసంచులు చేర్చిరి, అది మంచిదే. అయినను పత్తిలారీలు, మిరపబస్తాల లారీలు ఏనుమాముల మార్కెట్టుకు బారులుతీరు దారిలో, రాత్రివేళ నడుపవలసినది మేమే గదా యని మా మనస్సు వెనుకాడినది. కోతలకాలమున మా రోడ్ల సంగతి మీకు తెలియును. సగము రోడ్డుపై వడ్లు ఆరబోసి, కుప్పకు కాపుగా చుట్టును బండరాళ్లు పెట్టుదురు. రైతుకు కల్లము లేదు, ఏమి చేయును? చీకటిలో ఆ రాయి కానరాదు. 2023 అక్టోబరు 1నుండి మన దేశమునకే భారత్ ఎన్‌క్యాప్ అను సొంత పరీక్ష యేర్పడినది. కొనబోవు కారునకు నక్షత్రము లెన్నియో, ఏ సంవత్సరపు పరీక్షయో అడిగి తెలిసికొనుడు. పాటలపెట్టె కంటె అది ముందు చూడదగినది.

పంచ్ తలుపులు తొంబది డిగ్రీలు తెరచుకొనును. అత్తమ్మ మరల నెక్కి దిగి, "ఇది గూడ మంచిగనే ఉన్నది" అనునంతలో మా ప్రాణము లేచివచ్చినది.

నడిపి చూచునప్పుడు షోరూము చుట్టు ఒక ప్రదక్షిణము చేసి తృప్తిపడరాదు. మేము హనుమకొండ చౌరస్తా రద్దీలో పావుగంట నడిపితిమి. కాజీపేట రైలు వంతెన యెక్కుడులో కారు నాపి, బ్రేకుపైనుండి కాలు తీసి, ఎంత వెనుకకు జారునో చూచితిమి. తరువాత వర్ధన్నపేట దారిలో లారీని దాటి చూచితిమి. ఏ.ఎం.టీ. కార్ల బలహీనత ఇక్కడనే బయటపడును. దాటుదమని కాలు అదుముదుము. యంత్రము ఒక్క క్షణ మాలోచించి గేరు తగ్గించును. ఎదుటనుండి బస్సు వచ్చుచుండగా ఆ క్షణము మిక్కిలి పొడుగు. కావున దాటుటకు ముందే మీటను 'ఎం' వైపు త్రోసి, గేరును మనమే తగ్గించుకొనవలెను. ఈ మాట ఏ అమ్మకపువాడును మాకు చెప్పలేదు, మా మెకానిక్కే చెప్పినాడు.

అతడే నేర్పిన మరి కొన్నిటిని వ్రాయుచున్నాము. రెండు పెడళ్లకును కుడికాలే వాడవలెను. ఎడమకాలిని ప్రక్కన విశ్రాంతిగా నుంచవలెను. అలవాటున ఎడమకాలితో క్లచ్చి యనుకొని బ్రేకును అదిమినచో వెనుకనున్నవారి ముక్కులు ముందు సీటుకు తగులును. మొదటి వారము మేమే ఆ పని రెండుసార్లు చేసితిమి. ఎక్కుడులో కారును పెట్రోలుతో పట్టి నిలుపరాదు, బ్రేకుతో నిలుపవలెను. లేనిచో క్లచ్చి కాలిపోవును. ఎత్తు మడమల చెప్పులు విడిచి కూర్చుండుట మేలు. చీర అంచు పెడలు క్రిందికి పోకుండ కుచ్చిళ్లను మోకాలి మీదికి లాగుకొనవలెను. బ్యాటరీ చచ్చిపోయినచో మామూలు కారువలె నలుగురు నెట్టి స్టార్టు చేయుట దీనియందు కుదరదు. కేబుళ్లు డిక్కీలో నుంచుకొనవలెను. మా కారులో 'పీ' గుర్తు లేదు, కావున బండి నాపినప్పుడు చేతిబ్రేకు మరువరాదు. టార్క్ కన్వర్టర్, సీ.వీ.టీ. కార్లను, మార్గమధ్యమున ఆగిపోయినచో, నడుచుచక్రములు నేలపై నుండగా త్రాడుకట్టి లాగించుట గేరుపెట్టెకు చేటు.

కారులు నడుపుట పురుషుల విద్య యని ఇంకను మన యిండ్లలో కొంద రందురు. మోటారు కారు పుట్టిన తొలినాళ్లలో దానిని దూరప్రయాణమునకు నడిపి చూపినది ఒక గృహిణి. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ యను నామె, భర్తకు చెప్పకుండ, ఇద్దరు కుమారులను వెంట నిడుకొని మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా పోయినది. ఇంధనము అయిపోగా మందులదుకాణములో కొన్నది; ఇంధనపు గొట్టము పూడిపోగా తన టోపీకి గుచ్చుకొను సూదితో శుభ్రపరచినది. మేము ఆ కథను మా యింటివారికి చెప్పగా, "అయితే డిక్కీలో పిన్నీసులు కూడ పెట్టుకొమ్ము" అనిరి. పెట్టుకొంటిమి.

కారు ఇంటికి వచ్చినది. టీ.జీ. 26 సంఖ్య. పాతకారును అమ్మినప్పుడు మా యింటివారు దాని బానెట్టును ఒకసారి నిమిరిరి. మేము చూడనట్లు నటించితిమి. పూజ ముగిసిన నాటి రాత్రి, ఎవరికిని ఏ జబ్బును లేకపోయినను, మేము పదకొండు గంటలకు అత్తమ్మను ముందు సీటులో కూర్చుండబెట్టుకొని రాయపర్తి వరకు పోయి వచ్చితిమి. దారి చూచుకొనుటకే పోతిమి: ఎక్కడెక్కడ గుంటలున్నవి, ఏ మలుపున దీపము లేదు, పెట్రోలు బంకు ఏది రాత్రి తెరచియుండును అని. అత్తమ్మ చాలసేపు మా పాదములవైపు చూచుచు కూర్చున్నది. రాయపర్తి దగ్గర బండి త్రిప్పుచుండగా, "బిడ్డా, నీ ఎడమ కాలు ఊకెనే ఉన్నదేంది?" అని యడిగినది. దానికి పనిలేదంటిమి. "నొస్తలేదు గద?" అన్నది. లేదంటిమి. ఇంటికి వచ్చుసరికి ఆమె సీటు పట్టీతోనే నిద్రపోయియున్నది.

నెల్లికుదురు సోదరికి: మీ భర్తగారిని మొదట నొక దినము మీతోకూడ ఆ రెండు బస్సులెక్కించుడు, ఆ తరువాత ఏ.ఎం.టీ. కారు నొకదానిని వారిచేతనే రద్దీలో నడిపించుడు. మీ బడి దూరము, నెలజీతములో విడువగల మొత్తము, ఇంటిలో మోకాళ్ల నొప్పిగలవా రెవరైన నున్నారా యనునదియు మాకు వ్రాసినచో, లెక్క కట్టి విడిగా జాబు వ్రాయుదుము.